1వ సీడ్ ఓడిపోయేలా ఉందని మ్యాచ్‌కు ముందే ఎలా పసిగట్టాలి?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఎన్‌సీఏఏ పురుషుల టోర్నమెంట్ తొలి రౌండ్ సంచలనాలకు ముందస్తు ఆనవాలు ఏదైనా ఉందా అని పాత మ్యాచ్‌లు తిరగేస్తున్నాను. లెక్క కుదరడం లేదు.

సీడ్ల (బలాన్ని బట్టి జట్లకు ముందే ఇచ్చే ర్యాంకులు; 1 అన్నిటికన్నా బలమైనది, 16 బలహీనమైనది) తేడా ఎటూ అక్కరకు రాదు. 16వ సీడ్లపై 1వ సీడ్లు వరుసగా 135 మ్యాచ్‌లు గెలిచాక, 2018 మార్చి 16న 16వ సీడ్ యూఎంబీసీ, 1వ సీడ్ వర్జీనియాను 74-54తో చిత్తు చేసింది. విరామానికి స్కోరు 21-21!

తర్వాత ఆట వేగం చూశాను. వర్జీనియాది నెమ్మది ఆట. బంతి చేతికొచ్చే అవకాశాలు తగ్గేకొద్దీ చిన్న జట్టుకు అదృష్టం కలిసివచ్చే వీలు పెరుగుతుంది. కానీ 2022లో 15వ సీడ్ సెయింట్ పీటర్స్ అదనపు సమయంలో 2వ సీడ్ కెంటకీని ఓడించిన స్కోరు 85-79, అంటే ఎక్కువ పాయింట్ల మ్యాచ్‌లోనూ సంచలనం జరిగింది. ఎత్తు సంగతి మరీ విచిత్రం: 2023లో దేశంలోకెల్లా పొట్టి జట్టైన 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్, 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ ఉన్న 1వ సీడ్ పర్డ్యూను 63-58తో ఇంటికి పంపింది.

ఒక్క పోలిక మాత్రం దొరికింది. మూడు పాయింట్ల షాట్లలో వర్జీనియా 22కి 4, పర్డ్యూ 26కి 5 మాత్రమే వేశాయి. యూఎంబీసీ 24కి 12 వేసింది. అయితే ఇది మ్యాచ్ ముగిశాక తెలిసే సంగతి, బ్రాకెట్ (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక) నింపేటప్పుడు ఏం లాభం?

సీజన్ గణాంకాల్లో బలమైన జట్టుకు ఇలాంటి ప్రమాదాన్ని ముందుగా సూచించేది ఏది: మూడు పాయింట్ల షాట్లపై ఆధారపడే శాతమా, బంతి పోగొట్టుకునే రేటా, మరొకటా?