అప్‌డేట్: టారస్ జీ3సీ వద్దనుకున్నా, రూగర్ సెక్యూరిటీ-9 కాంపాక్టే

అమెరికాలో ఇంటి రక్షణకు, షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసుకు తక్కువ ధర 9 ఎంఎం పిస్టల్ ఈ రెండింటిలో ఏది అని అడిగాను కదా. రూగరే తీసుకున్నా.

కాగితం మీద టారస్‌దే పైచేయి: మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బా) 12 తూటాలు, రూగర్‌కి 10. తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కొచ్చు కూడా. దానికి నేను పెద్ద విలువివ్వను. రేంజ్‌లో అయితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం) లాగి ఆ తూటా తీసేయడమే పద్ధతి.

తేల్చింది స్లైడే. రూగర్‌లో లోపల హ్యామర్ (తూటా పేలేలా కొట్టే చిన్న సుత్తి) ఉంటుంది, స్లైడ్ లాగడం నా చేతికి తేలిగ్గా అనిపించింది.

క్లీనింగ్‌లో మాత్రం రూగర్ విసిగిస్తుంది. టేక్‌డౌన్ పిన్‌ను (పిస్టల్ విప్పడానికి తీసే పిన్ను) స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపి తీయాలి. కింద పడితే వెతుక్కోవడమే. టారస్‌కి ఆ బెడద లేదు గానీ విప్పే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అందుకే ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగి చాంబర్‌ను (పేలే ముందు తూటా ఉండే చోటు) కంటితో చూసి, వేలితో తడమాలి. వరుస తిరగబడితే మ్యాగజైన్‌లోని తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది.

ఖాళీ షెల్ ఇరుక్కుంటే వెంటనే గన్‌ని తిట్టకండి. మణికట్టు వదులైతే ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) కూడా వెనక్కి కదిలి, స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. తేలిక పిస్టళ్లలో ఇది మామూలే.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు: హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు ఉంటే ఆ నిషేధం వర్తించదు.