సైలర్ మూన్: నాలుగో పుస్తకం వేరే సెట్‌ది వచ్చింది, కథ ఎక్కడ తెగింది?

నవోకో తకేవుచి గీసిన సైలర్ మూన్ మాంగా (జపనీస్ కామిక్) కొంటున్నాను, కాస్త సాయం చేయండి. నకయోషి పత్రికలో 1991 చివర్లో మొదలై 1997 దాకా నడిచిన ఈ కథ జపాన్‌లో మొదట 18 పుస్తకాలుగా వచ్చింది. 2003లో దాన్నే 12గా సర్దారు, 2013 నుంచి 10గా. చిన్న కథలు వేరే.

నా దగ్గర 12 పుస్తకాల ఇంగ్లిష్ సెట్‌లో మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది ఆర్డర్ పెడితే 10 పుస్తకాల సెట్‌లోది వచ్చింది! సైజు పెద్దది, పత్రికలో వచ్చిన రంగుల పేజీలు కూడా ఉన్నాయి. చూశాక తిరిగి పంపడానికి మనసొప్పడం లేదు.

నా మూడో పుస్తకం చివరికీ, దీని మొదటి పేజీకీ మధ్య ఎన్ని అధ్యాయాలు పోతాయి? రెండు సెట్లూ ఉన్నవాళ్లు విషయసూచిక చూసి చెప్తారా? అనువాదం కూడా మారిందా?