పై దవడ పన్ను తీయిస్తే కంటి చూపు పోతుందా? అమ్మ ఒప్పుకోవడం లేదు

తణుకు అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మకి అరవై దాటాయి. తణుకు దగ్గర పల్లెలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. అమ్మకి కుడివైపు పై దవడ పన్ను ఎప్పట్నుంచో పుచ్చిపోయి, ఇప్పుడు విరిగి మొదలు మాత్రం మిగిలింది. రాత్రయితే ఒకటే సలుపు. చెంప వాచినప్పుడల్లా మందుల షాపులో అడిగి ఏవో బిళ్ళలు తెచ్చి వేసుకుంటుంది. కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. లవంగ నూనె పెట్టీ పెట్టీ చిగురు కూడా పుండు పడింది.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్స్-రే తీసి, రూట్ కెనాల్ చేయడానికి పన్నే మిగల్లేదు, తీసేయాల్సిందే అన్నారు. ఆ మాట వినగానే అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చేసింది. "పై పన్ను పీకితే కళ్లు పోతాయి, మా పెద్దమ్మకి అలాగే పోయాయి" అంటుంది. వీధిలో అందరిదీ అదే మాట.

పైగా షుగర్ ఉంది. కొన్నేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ మాత్ర వాడుతోంది. పన్ను తీయించాలంటే అది ఆపాలా? తెలిసినవాళ్లు చెప్పండి. మీరు రాసింది ఫోన్లో చదివి వినిపిస్తాను.

రిటైర్డ్ కండక్టర్:
చెల్లెమ్మా, నాకు పైవి రెండు దవడ పళ్లు తీశారు. పేపరు ఇప్పటికీ రోజూ చదువుతున్నాను. అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు. చిగురుకి ఇచ్చే ఇంజెక్షన్ పెద్దగా తెలియదు కానీ, అంగిలి వైపు ఇచ్చేది కాస్త గట్టిగానే నొప్పెడుతుంది. తర్వాత నొప్పి ఉండదు. గట్టిగా నొక్కుతున్నట్టు, కదిలిస్తున్నట్టు తెలుస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడుకే భయపడతారు, ముందే చెప్పి ఉంచితే టెన్షన్ పడరు. ఆ రోజుకి మెత్తగా పిసికిన పెరుగన్నం చాలు.

పళ్ల డాక్టర్, గుంటూరు:
అమ్మా, ఇది మీకే రాస్తున్నాను, మీ అమ్మాయి చదివి వినిపిస్తుంది.

చూపుని మోసే నరం వేరు, పై పళ్ల నొప్పిని మోసే నరం వేరు. చూపు నరం కంటి వెనక నుంచి నేరుగా మెదడులోకి పోతుంది. పన్ను తీసేటప్పుడు మేం దాని దరిదాపులకి కూడా వెళ్లం. ఎప్పుడో చాలా అరుదుగా మత్తుమందు పైకి పాకి కాసేపు చూపు మసకేయడం, ఒకటి రెండుగా కనబడడం జరుగుతుంది. మత్తు దిగితే దాదాపు అందరికీ అదీ పోతుంది.

మరి ఊళ్లో ఈ మాట ఎందుకుంది? పళ్లు పోయే వయసూ, శుక్లాలు వచ్చే వయసూ ఒకటే. ఈ ఏడు పన్ను పీకించుకుని వచ్చే ఏడు చూపు మందగిస్తే, ఆ తప్పు పన్ను మీదికి పోతుంది.

నాకు భయం వేసేది ఆ పన్ను తీయకుండా వదిలేస్తేనే. పై పన్ను చీము ముదిరితే చెంపలోకి, అక్కడి నుంచి కంటి చుట్టూకి పాకగలదు. చెంప వాచి కన్ను మూసుకుపోతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోతున్నా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బిళ్ళలతో ఎందుకు పోవట్లేదంటే, పన్ను లోపల రక్తం ఆడడం లేదు, మందు అక్కడిదాకా చేరదు. మూలం నోట్లోనే ఉంది.

ఎకోస్ప్రిన్ సంగతి: మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క పన్నుకి మామూలుగా అది ఆపకుండానే తీస్తాం. రక్తం కాస్త ఎక్కువసేపు కారితే గాజుగుడ్డ నొక్కి, అవసరమైతే కుట్టు వేసి ఆపుతాం. దాంతోపాటు రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మాత్ర కూడా వాడుతుంటే గుండె డాక్టరుతో మాట్లాడాకే. ఎముకలు గుల్లబారాయని ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే అదీ తప్పకుండా చెప్పండి, దవడ ఎముక మానడంలో ఇబ్బంది రావచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్నే టిఫిన్ తిని, రోజూ వేసుకునే మాత్ర వేసుకుని రావాలి. పరగడుపున రావొద్దు. తీశాక గాజుగుడ్డని అరగంట, ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టాలి. ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. గుంటలో కట్టిన రక్తపు గడ్డ పుండు మీది పక్కు లాంటిది, అదే కాపాడుతుంది. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు మెల్లగా. పై దవడ పళ్ల వేళ్లకి ముక్కు పక్క గాలిగది ఆనుకుని ఉంటుంది, కాబట్టి కొన్నాళ్లు ముక్కు గట్టిగా చీదొద్దు. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించాలి. మూడో రోజుకి నొప్పి తగ్గకుండా పెరిగి చెవిదాకా లాగుతున్నా అంతే.

తణుకు అమ్మాయి:
చాలా చాలా థ్యాంక్స్ అండీ. రెండుసార్లు చదివించుకుంది. "చీము కంటికి పాకుతుందా" అని అదే అడుగుతోంది. కానీ పెద్దమ్మ మాట మాత్రం వదలడం లేదు.

పళ్ల డాక్టర్, గుంటూరు:
అయితే పన్నుకన్నా ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి కంటి లోపలి పొర పరీక్ష ఎలాగూ చేయించాలి, చూపుని నిజంగా తినేది షుగరే. చూపు ఎంత ఉందో కాగితం మీద రాయించుకోండి. పన్ను తీశాక మళ్లీ చూపించి రెండు కాగితాలూ అమ్మ చేతికి ఇవ్వండి. అలాగని పన్ను పని నెలలకి నెలలు వాయిదా వేయొద్దు, ఈ వారంలోనే రెండూ పెట్టుకోండి.

తణుకు అమ్మాయి:
దానికి ఒప్పుకుంది! శనివారం కళ్లకి, సోమవారం పొద్దున పన్నుకి. నేను సెలవు పెట్టి వెళ్తున్నాను.