తాబేలు పిల్లల్ని సముద్రంలో వదిలే కార్యక్రమం: 200 మంది బడిపిల్లలతో చేయొచ్చా?

తీరం_యువజన:
అందరికీ నమస్కారమండి. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు మాది. పక్కనే అటవీశాఖ వాళ్ల తాబేలు గుడ్ల హేచరీ (గుడ్లు పొదిగించే చోటు) ఉంది. మార్చి నెలాఖరులో ఒక ఆదివారం సాయంత్రం మూడు బడుల నుంచి 200 మంది పిల్లల్ని తీసుకొచ్చి, ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు పిల్లల్ని వాళ్ల చేతులతోనే నీళ్లలోకి వదిలించాలని మా సంఘం ఆలోచన. ఎమ్మెల్యేగారు వస్తామన్నారు. ఫ్లెక్సీ, మైకు మాట్లాడేశాం. అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి? ఆ రోజుకి కనీసం వంద తాబేలు పిల్లలైనా ఉండేలా ఎలా చూసుకోవాలి?

హేచరీ_కాపలా:
మీ చివరి ప్రశ్న దగ్గరే తేడా కొడుతుందండి. ఒక్కో గుంటలో సుమారు 100 గుడ్లుంటాయి. ఇసుక వేడిని బట్టి 45 నుంచి 60 రోజుల మధ్య పొదుగుతాయి. ఎండలు ముదిరితే ముందే, చల్లగా ఉంటే ఆలస్యంగా. పిల్లలు ఎక్కువగా రాత్రిపూట, ఇసుక చల్లబడ్డాకే పైకొస్తాయి. అందుకని ఫలానా ఆదివారం సాయంత్రానికి వంద పిల్లలు కావాలంటే, శుక్రవారం రాత్రి వచ్చినవాటిని టబ్బులో పెట్టి ఆపడమే దారి. పెద్ద కార్యక్రమాలు చాలావాటిలో జరిగేదిదే.

అలా ఆపితే ఏమవుతుందంటే, గుడ్డులోంచి తెచ్చుకున్న పచ్చసొన శక్తితోనే అవి మొదటి రోజంతా ఆగకుండా ఈది ఒడ్డుకు దూరంగా వెళ్లాలి. టబ్బులో పడేస్తే ఆ ఈతంతా ప్లాస్టిక్ గోడను తోయడానికే అయిపోతుంది. తర్వాత సముద్రంలో వదిలినా అలల్లో డీలా పడి, ఒడ్డు దగ్గర చేపలకు మేత అవుతాయి. నీళ్లు పోసిన టబ్బయితే మరీ అన్యాయం. కొద్ది గంటలు ఆపక తప్పదంటే తడి ఇసుక పరిచిన బుట్టలో, తడిగుడ్డ కప్పి, నీడన, చీకట్లో ఉంచాలి. అంతకు మించి వద్దు.

చేయాలనుకుంటే ఇలా చేయండి. తేదీ పెట్టకండి, ఒక పది రోజుల గడువు పెట్టుకోండి. పిల్లల్ని 25, 30 మంది చొప్పున జట్లుగా విడదీసి, ఏ జట్టును ఎప్పుడు పిలిచినా గంటలో వచ్చేలా టీచర్ల ఫోన్లు రాసిపెట్టుకోండి. పిల్లలు పైకొచ్చాయని హేచరీ నుంచి కబురు రాగానే తెల్లారకముందే ఒక జట్టు వెళ్తుంది. కబురు రాలేదంటే ఆ రోజు కార్యక్రమం లేదు, అంతే.

ఒడ్డున చేయాల్సింది: నీటి అంచుకు ఓ పది మీటర్లు పైన వదలాలి. ఆ కాస్త దూరం అవి సొంతంగా పాకాలి. ముందే ఆ దారిలో ఇసుకను చెక్కతో చదును చేయండి, ఎందుకంటే మన అడుగుజాడలో పడ్డ పిల్ల పైకెక్కలేక తిప్పలు పడుతుంది. ట్రాక్టరు చక్రాల గాడి పడితే ఇక దానివెంటే పోతుంది. దారికి రెండు వైపులా తాడు కట్టి, జనమంతా తాడుకు అవతల, వెనక వైపు ఉండాలి. తాబేలు పిల్లలకీ సముద్రానికీ మధ్య ఒక్కరు కూడా నిలబడకూడదు. బుట్ట వంచేది హేచరీ సిబ్బందే. బడిపిల్లల చేతులకివ్వడం ఒద్దు. అలకు వెనక్కొచ్చిన పిల్లను పట్టి నీళ్లలోకి విసరొద్దు, అది మళ్లీ తనంతట తానే వెళ్తుంది. ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు. అన్నీ వెళ్లిపోయాయని అనిపించినా కాసేపు ఎవరూ కదలకండి, వెనకబడ్డవి కాళ్ల కింద పడేది అప్పుడే. రోజూ ఒకే చోట వదిలితే చేపలు, కాకులు ఆ చోటికి అలవాటు పడతాయి కాబట్టి కొన్ని వందల మీటర్లు మారుస్తూ ఉండాలి.

రేంజి_కాగితాలు:
అనుమతి విషయం నేను చెప్తా. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ (అత్యధిక రక్షణ ఉన్న జాబితా) ప్రాణి. గుడ్లు తీసినా, తాబేలును పట్టినా 3 నుంచి 7 ఏళ్ల జైలు దాకా వెళ్తుంది. కాబట్టి అటవీశాఖ రేంజి ఆఫీసరుగారికి అర్జీ పెట్టండి, ఆయన తన పై అధికారి డీఎఫ్ఓగారికి పంపుతారు. అర్జీలో రోజుకి ఎంతమంది, ఏ సమయం, లైట్లు ఉండవు, తాబేలు పిల్లల్ని ముట్టుకోం అన్నవి రాస్తే పని తొందరగా అవుతుంది. మైకు సంగతి మాత్రం రాయకండి, మానేయండి.

ఇంకోటి, ఫ్లెక్సీ. గూగుల్లో దొరికిన నక్షత్ర తాబేలు బొమ్మ వేయించడం మన దగ్గర మామూలే, శ్రీకూర్మం గుడిలో కనిపించేది అదే కదా మరి. అది నేల తాబేలు. ఆ బొమ్మ చూసి ఎవరైనా పొలంలో దొరికిన తాబేలును తెచ్చి సముద్రంలో వదిలితే అది మునిగి చస్తుంది. సముద్రపు తాబేలుకు కాళ్లుండవు, తెడ్లుంటాయి. బొమ్మలో ముందు చూడాల్సిందదే.

సరంగు_మాట:
పై ఇద్దరూ చెప్పింది సరే. కానీ ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల సంగతో? జనవరి నుంచి మార్చి దాకా కళేబరాలు తేలేది బడిపిల్లల వల్ల కాదు కదా. గుడ్లు పెట్టే వయసొచ్చిన ఆడ తాబేలు ఒక్కటి పోతే, హేచరీలో వదిలిన పిల్లలు వందల్లో ఉన్నా దానికి సాటి రావు. ట్రాల్ వల (బోటు వెనక కట్టి ఈడ్చే సంచి వల) గంటల తరబడి లాగుతారు, తాబేలు ఊపిరికి పైకి రావాలి, వల్లో రాలేదు. అవగాహన చేయాల్సింది ముందు జెట్టీలో.

వలకు టెడ్ కడితే తాబేలు బయటపడుతుంది. వల గొంతులో ఏటవాలుగా బిగించే ఊచల చట్రం అది. రొయ్య ఊచల మధ్యనుంచి సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న మూతలోంచి జారిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా ఒక రకం తయారుచేసింది. మనవాళ్ల గోల ఒకటే: "చేప పోతోంది". చట్రం వాలు తప్పినా, మూత గుడ్డ వదులుగా ఉన్నా, ఊచలకు చెత్త చుట్టుకున్నా నిజంగానే పోతుంది. అందుకని ఉపన్యాసం కాదు, బిగించి చూపించే మనిషి కావాలి. వల బాగుచేసుకునే రోజు వెళ్లండి, బోటు ఒడ్డుకొచ్చి చేప దింపుతున్నప్పుడు వెళ్తే ఎవరూ వినరు. కూలీలతో కాదు, బోటు నడిపే సరంగుతో, బోటు యజమానితో మాట్లాడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో వలలన్నీ ఒడ్డునే ఉంటాయి, చూపించడానికి అదే అదను. తర్వాతి జనవరికి కట్టి ఉండాలి.

వల్లో కదలకుండా వచ్చిన తాబేలు చచ్చిందనుకుని నీళ్లలో పడేస్తారు. చాలాసార్లు స్పృహ తప్పి ఉంటుంది, నీళ్లలో పడగానే మునుగుతుంది. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం కింద జానెడు ఎత్తు పెట్టి, తడిగుడ్డ కప్పి, నీడలో 4 గంటలైనా ఉంచాలి, 24 గంటల దాకా కూడా చూడొచ్చు. కదిలాక, ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వల లేని వైపు నుంచి మెల్లగా దించాలి. ఈ ఒక్క ముక్క కాగితం మీద బొమ్మలతో వేసి బోటుకొకటి అంటించండి, మీ ఫ్లెక్సీ డబ్బులకి సరిపోతుంది.

తీరం_యువజన:
చాలా థాంక్సండి. ఆదివారం కార్యక్రమం ఆపేసి జట్లుగానే వెళ్తాం. ఎమ్మెల్యేగారికి మాటిచ్చేశాం, అదొక్కటే ఇబ్బంది. పిలవకపోతే బాగోదు.

హేచరీ_కాపలా:
పిలవండి, పని చెప్పండి. ఒడ్డున ఉన్న హైమాస్ట్ లైటు రాత్రి 8 నుంచి తెల్లారి 5 దాకా ఆపించమనండి, లేదా రేకు కట్టి వెలుతురు ఊరి వైపే పడేలా చేయించమనండి. పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, లైటు కనిపిస్తే రోడ్డెక్కుతాయి. గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లి కూడా వెలుతురు చూస్తే వెనక్కి తిరుగుతుంది. పంచాయతీ తీర్మానం, కరెంటు వాళ్ల సంతకం రెండూ కావాలి, అక్కడే ఆయన మాట పనికొస్తుంది. అలాగే చేపల వ్యర్థాలు ఒడ్డున పడేయకుండా చూడమనండి. కుక్కలు చేరేది దానికోసమే, చేరాక గుంటలు తవ్వడం నేర్చుకుంటాయి. ఇవన్నీ డిసెంబరులోపే అవ్వాలి. మార్చిలో పిలిస్తే ఫొటో ఒక్కటే మిగులుతుంది.