గంగాబల్ మూడు రోజుల దూరంలో ఉండగా గైడ్ వెనక్కి పంపేశాడు. ఆ హక్కు అతనికి ఉందా?

పర్లాకిమిడి మాస్టారు

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్న ఫౌజులో పనిచేశారు. కశ్మీర్‌లో ఉన్న రోజుల్లో హర్ముఖ్ కొండ కింద గంగాబల్ అనే సరస్సు చూశారట. అక్కడి పండిట్లు అస్థికలు ఆ నీళ్ళలోనే కలుపుతారు, వాళ్ళకి అదే గంగ అని చెప్పేవారు. "ఒక్కసారి నువ్వూ చూడాలిరా" అని పోయేదాకా అంటూనే ఉన్నారు. పోయిన మాఘానికి ఆయన ఏడూడు అయింది. ఆయన పేరున అక్కడ తర్పణం వదలాలని మన మహేంద్రతనయ నీళ్ళు చిన్న రాగి చెంబులో పోసి, మూతికి లక్క పెట్టి పట్టుకెళ్ళాను. నాకు 52 ఏళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు.

"పవిత్ర సరస్సుల యాత్ర" అని ఒక ట్రెక్కింగ్ కంపెనీ వాళ్ళ ప్రకటన చూసి డబ్బు కట్టాను. సోన్‌మార్గ్‌లో మొదలై నారానాగ్‌లో దిగుతుంది. ఏడు రోజులు, 70 కిలోమీటర్ల దాకా నడక. రెండో రోజు నిచ్‌నాయ్‌లో పడుకున్నాం. మూడో రోజు నిచ్‌నాయ్ కనుమ దాటి విషన్‌సర్ సరస్సు ఒడ్డున గుడారాలు వేశారు. ఆ రాత్రి నిద్ర లేదు, తలనొప్పి, తిన్నది కడుపులో నిలవలేదు. తెల్లారి గైడ్ నా వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే 71 చూపించింది. తర్వాత గడ్డి మీద ఒక తాడు పరిచి, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనిస్తూ దాని వెంట నడవమన్నాడు. మూడో అడుగుకి కాలు పక్కకి పడింది. అది ఎగుడుదిగుడు నేల, ఎవరికైనా పడుతుంది. అంతే, అందరి ముందూ "సార్, మీరు వెనక్కి" అనేశాడు. ఆ కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు.

బతిమాలాను. చెంబు తీసి చూపించాను. వినలేదు. గుర్రం మీద సోన్‌మార్గ్‌కి పంపించి, దానికి 6 వేలు మళ్ళీ నా దగ్గరే తీసుకున్నారు. కట్టిన డబ్బులో పైసా తిరిగి రాలేదు. డబ్బు సంగతి వదిలేయండి. తండ్రికి నీళ్ళు వదలడానికి వెళ్ళిన కొడుకుని ఆపే హక్కు ఒక గైడ్‌కి ఉందా?

రాయగడ బట్టల కొట్టు

మాస్టారూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. నా దృష్టిలో ఆ హక్కు అతనికి లేదు.

మన మహేంద్రగిరికి శివరాత్రికి ఎంతమంది ఎక్కుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. ముసలివాళ్ళు, చంకలో బిడ్డతో తల్లులు. ఎవరి వేలికైనా ఎవరైనా క్లిప్పు పెట్టారా? మా అమ్మకి 71 ఏళ్ళప్పుడు మోకాళ్ళ నొప్పులు. డాక్టరు వద్దన్నా వినకుండా సింహాచలం మెట్లన్నీ ఎక్కింది. ఆ సంతోషంతోనే ఇంకో ఆరేళ్ళు బతికింది. తీర్థానికి బయల్దేరినవాడు కష్టానికి సిద్ధపడే బయల్దేరతాడు. ఢిల్లీకి సమతా ఎక్స్‌ప్రెస్‌లోనే ఒకటిన్నర రోజు పడుతుంది మనకి. అక్కణ్ణుంచి శ్రీనగర్, అక్కణ్ణుంచి కొండలు. అంత దూరం పోయినవాణ్ణి ఒక తాడు మీద నడిపించి పంపేస్తారా?

జయపురం నర్సు

మాస్టారు గారూ, మీ నాన్నగారి మీద మీకున్న ప్రేమకి దండం పెట్టే రాస్తున్నాను. మీరు తేలిగ్గా తీసేసిన ఆ తాడు మీద నడకే ఇందులో అసలు విషయం.

క్లిప్పు చూపించిన 71 అన్న అంకెని పక్కన పెట్టండి. ఆ ఎత్తులో ఆక్సిజన్ ఎనభైల్లో ఉండటం మామూలే. వేళ్ళు చల్లబడితే ఆ యంత్రం ఇంకా తక్కువ కూడా చూపిస్తుంది. ఒక్క అంకె చూసి పంపేసి ఉంటే నేనూ మీ పక్షమే. కానీ తలనొప్పి, వాంతులు ఉన్న మనిషికి అడుగు తూలిందంటే మెదడుకి వాపు మొదలైందేమో అని అనుమానించి తీరాలి. పెద్ద యంత్రాలు లేని చోట దాన్ని పట్టుకునే పరీక్ష అదే. ఆ దశ నుంచి స్పృహ తప్పడానికి ఒక్కోసారి ఒక రోజు కూడా పట్టదు. దానికి మొదటి మందు కిందికి దిగడం. ఆక్సిజన్ సిలిండరైనా, డెక్సామెథసోన్ ఇంజెక్షనైనా దిగే దాకా ప్రాణం నిలబెట్టడానికే. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇంకో రకం. అందులో కూర్చున్నా ఆయాసం తగ్గదు.

రాయగడ అన్నయ్యా, మహేంద్రగిరి 1,501 మీటర్లు. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి 1,672. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు సాధారణంగా మొదలయ్యేదే 2,500 దాటాక. విషన్‌సర్ 3,700 మీటర్ల మీద ఉంది. అక్కడ మనం పీల్చే ప్రతి ఊపిరిలో ఆక్సిజన్ ఇక్కడితో పోలిస్తే మూడింట రెండు వంతులే. మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పి ఆవిడకి తెలుస్తుంది. మెదడు వాచినవాడికి మాత్రం తన మెదడు వాచిందని తెలియదు. తాగినవాడు నేను తాగలేదన్నట్టే ఉంటుంది వాళ్ళ మాట. అలాంటి స్థితిలో "నా పూచీ" అన్నా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు.

రాయగడ బట్టల కొట్టు

వైద్యం సంగతి మీకు తెలిసినంత నాకు తెలియదు సిస్టర్, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి కంపెనీలు బయల్దేరే ముందే సంతకం పెట్టించుకుంటాయి కదా, ఏం జరిగినా నాదే బాధ్యత అని? అప్పుడు మాస్టారి బుర్ర బాగానే ఉంది. చస్తే పూచీ నీది, వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం నాది అంటే ఏం న్యాయం? కాగితం వాళ్ళకి పనికొచ్చినప్పుడు ఆయనకీ పనికిరావాలి.

సిరొంచ తమ్ముడు

అన్నా, నేను 2023లో ఆ దారంతా నడిచాను. కాగితం మీద అందరం సంతకం పెట్టాం, నిజమే. కానీ పడిపోతే మోసే పూచీ ఎవరిది? ఆ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

విషన్‌సర్ తర్వాత గడ్‌సర్ కనుమ, 4,200 మీటర్ల దాకా. ఆ దారిలో ఎత్తైన చోటు అదే. అది దాటి అవతల గడ్‌సర్‌కి దిగారంటే ఇక ముందుకి పోవాలన్నా వెనక్కి రావాలన్నా మళ్ళీ 4,000 మీటర్ల కనుమ ఒకటి ఎక్కాల్సిందే. ముందుంటే జజ్ కనుమ, వెనకుంటే గడ్‌సర్, దాని వెనక నిచ్‌నాయ్. రోడ్డు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. మా బ్యాచ్‌లో ఒకామెకి సత్‌సర్ దాకా వచ్చాక కాలు బెణికింది, అంతే. ఇద్దరు గుర్రాలవాళ్ళు, ఒక గైడ్ రాత్రి 9 దాకా ఆమెతోనే ఉన్నారు. మిగతా 14 మందిమి ఒక్క హెల్పర్‌తో రాళ్ళ మీద నడిచాం. అది ఒట్టి బెణుకు! విషన్‌సర్‌లోనే ఆపబట్టి వెనక్కి రావడానికి ఒక్క కనుమతో పోయింది మాస్టారికి.

2022లో ప్రాణహిత పుష్కరాలకి మా ఊళ్ళో నేను వాలంటీరుగా ఉన్నాను. లోతు దిక్కు పోతున్న ఒక పెద్దాయన్ని జబ్బ పట్టుకుని వెనక్కి గుంజాను. "నా పుణ్యానికి అడ్డం పడ్డావు" అని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి. అయినా రేపు మళ్ళీ అట్ల జరిగితే మళ్ళీ గుంజుతాను.

2024 జూన్‌లో ఉత్తరకాశీ దగ్గర సహస్ర తాల్ దారిలో మంచు తుఫానుకి చిక్కి, కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళు 9 మంది చనిపోయారు. అదీ పవిత్ర సరస్సే. ఆ వార్త చదివాక కొండ మీద "వద్దు" అనే గైడ్ దొరకడం అదృష్టం అనిపిస్తుంది నాకు.

ఇంత చెప్పినా, కంపెనీని మాత్రం నేను వదలను. 3,000 మీటర్లు దాటాక ఏ రాత్రి పడక అయినా ముందు రాత్రి కన్నా 500 మీటర్లకి మించి పైన ఉండకూడదంటారు. సోన్‌మార్గ్ 2,700. నిచ్‌నాయ్ 3,500 దాకా. మొదటి అడుగులోనే లెక్క తప్పింది. పల్లపు ఊరి నుంచి వచ్చిన 52 ఏళ్ళ మనిషిని సోన్‌మార్గ్‌లో రెండు రాత్రులు ఎందుకు ఉంచలేదు? ఆ తాడు నిచ్‌నాయ్‌లోనే ఎందుకు పరచలేదు? అక్కడైతే కనుమ ఎక్కే పనే లేదు, నేరుగా దిగిపోవడమే.

ఇంకొకటి. మాస్టారికి కావాల్సింది గంగాబల్ ఒక్కటే. దానికి ఈ మూడు కనుమల చుట్టు దారి అక్కర్లేదు. నారానాగ్ నుంచి నేరుగా ఎక్కొచ్చు. ఆ సరస్సు 3,575 మీటర్లే. భాద్రపద శుద్ధ అష్టమికి పండిట్లు యాత్ర చేసేది కూడా నారానాగ్ నుంచే. చాలా ఏళ్ళు ఆగిపోయిన ఆ యాత్ర 2009లో మళ్ళీ మొదలైంది. ఆ మాట మాస్టారికి డబ్బు కట్టించుకునే ముందు చెప్పాలి. "యాత్ర" అని పేరు పెట్టి ట్రెక్ అమ్మారు. కోపం ఉంటే అక్కడ ఉండాలి, ఆ గైడ్ పిల్లగాడి మీద కాదు.

బరంపురం పెద్దాయన

నేను 2014లో లిపులేఖ్ దారిన కైలాస మానససరోవరం వెళ్ళొచ్చాను. ఢిల్లీలో ఒకసారి, మళ్ళీ దారిలో గుంజి అనే చోట ఐటీబీపీ (సరిహద్దు పోలీసు దళం) డాక్టర్ల దగ్గర ఒకసారి పరీక్ష. గుంజిలో మా బ్యాచ్‌లో ఒకాయన్ని ఆపేశారు. మెడలో రుద్రాక్షలతో మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేం వెళ్తుంటే తన పేరున ఒక సీసాలో నీళ్ళు తెమ్మన్నాడు, తెచ్చాం. అమర్‌నాథ్‌కీ ఆరోగ్య పత్రం లేనిదే పంపరు, 13 ఏళ్ళలోపు వాళ్ళనీ 70 దాటినవాళ్ళనీ రానివ్వరు. కాబట్టి యాత్రలో ఆపడం అపచారం కాదు రాయగడ బాబూ.

కాకపోతే అక్కడ ఆపింది డాక్టరు. పక్కకి పిలిచి, ఎందుకో చెప్పి, భుజం మీద చెయ్యేసి మరీ ఆపాడు. మాస్టారి విషయంలో నాకు నచ్చనిది ఆ "అందరి ముందూ" అన్న మాటే. గైడ్‌కి కొండ తెలుసు. మనసు విరిగిన మనిషితో ఎలా మాట్లాడాలో కూడా ఆ కంపెనీ నేర్పాలి.

మాస్టారూ, మీకు ఇంకో మాట. గంగాబల్ నీళ్ళు నందకోల్ సరస్సులోకి దిగి, అక్కణ్ణుంచి వంగత్ వాగుగా నారానాగ్ పక్క నుంచే పోయి సింధ్ నదిలో కలుస్తాయి. (మనం చదువుకున్న సింధు నది కాదు, జీలంలో కలిసే వేరే ఏరు.) నారానాగ్‌లో పాత రాతి గుళ్ళున్నాయి, లలితాదిత్యుడి కాలం నాటివంటారు. రోడ్డు అక్కడి దాకా ఉంది. ఆ వాగులో నీళ్ళు వదిలినా మీ నాన్నగారికి చేరినట్టే.

పర్లాకిమిడి మాస్టారు

అందరివీ రెండేసి సార్లు చదివాను. ఒక విషయం దాచాను, చెప్పేస్తాను. నిచ్‌నాయ్‌లోనే తలనొప్పి మొదలైంది. గైడ్ అడిగితే లేదన్నాను. వెనక్కి పంపుతాడన్న టెన్షన్. కాబట్టి అక్కడ తాడు పరచలేదని అతన్ని అనలేను తమ్ముడూ.

సిస్టర్ రాసింది చదివాక ఇంకొకటి తట్టింది. గుర్రం మీద నిచ్‌నాయ్ కనుమ ఎక్కినట్టు నాకు గుర్తే లేదు. గుర్రం మీద కూర్చోబెట్టడం గుర్తుంది. తర్వాత అవతలి వైపు దిగువన, వాగు పక్కన, గుర్రం అతను నా షూ లేసు కట్టడం గుర్తుంది. మధ్యలో నాలుగైదు గంటలు ఏమైందో తెలియదు. ఇన్నాళ్ళూ బాధలో ఉండి పట్టించుకోలేదనుకున్నాను. నిన్న మా ఆవిడకి చెప్తే ఏడ్చింది.

పెద్దాయన గారూ, వాగులో వదలమన్నారు. శాస్త్రానికి సరిపోతుందేమో గానీ నాకు సరిపోదు. నాన్న చూసింది ఆ సరస్సుని.

జయపురం నర్సు

ఆ నాలుగైదు గంటలు గుర్తు లేకపోవడం చిన్న విషయం కాదు మాస్టారు గారూ. ముందు ఒక మంచి డాక్టరుకి ఈ మొత్తం కథ చెప్పండి. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఈ జబ్బు రాకుండా ముందే వాడే డయామాక్స్ మాత్ర గురించి కూడా ఆయన్నే అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళకి ఇవ్వడానికి ఆలోచిస్తారు. ఆయన సరేనంటే నారానాగ్ దారే, అదీ నిదానంగా. మరీ ముఖ్యంగా, తలనొప్పి వస్తే దాచకండి.

రాయగడ బట్టల కొట్టు

పూర్తిగా ఒప్పుకోలేను. పెద్దవాడైన మనిషి తన ప్రాణం గురించి తనే నిర్ణయించుకోవాలన్నది ఇప్పటికీ నా మాట. కానీ మాస్టారికి ఆ కనుమ గుర్తు లేదన్న దగ్గర మాత్రం నా దగ్గర జవాబు లేదు. మాస్టారూ, మళ్ళీ వెళ్తే చెప్పండి, నేనూ వస్తాను. మీరు తూలితే గైడ్ కన్నా ముందు నేనే చెప్తాను.

సిరొంచ తమ్ముడు

నారానాగ్ 2,100 మీటర్లు, అంటే సరస్సు దాకా 1,400 మీటర్ల పైన ఎక్కుడు. మొదట్లోనే దేవదారు అడవిలో నిట్టనిలువు. ఒక్క రోజులో పోవద్దు. మధ్యలో త్రున్‌ఖోల్ మైదానంలో ఆగండి, ఒక రాత్రి కాదు, రెండు. జూలై నుంచి సెప్టెంబర్ సగం దాకా దారి తెరిచి ఉంటుంది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, ఫౌజు వాళ్ళు చూస్తారు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోండి.

పర్లాకిమిడి మాస్టారు

ఆదివారం విశాఖలో డాక్టర్ని కలుస్తున్నాను. తమ్ముడూ, త్రున్‌ఖోల్ దాకా గుర్రం వెళ్తుందా? చెంబు దేవుడి గూట్లోనే ఉంది. లక్క ఊడలేదు.