సార్ లేనప్పుడు పేషెంట్ మెడ మీద చెయ్యి వేయొచ్చా? పోస్టింగ్‌లో మీకు ఏం జరిగిందో చెప్పండి

హన్మకొండ_ఇంటర్న్:
బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) నాలుగేళ్లు అయిపోయి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. మొదట పెద్దాసుపత్రిలో వేశారు. అక్కడ ఏ బెడ్ దగ్గరికి వెళ్లినా వెనకాల ఒక సీనియర్ ఉండేవారు. రెండు వారాలుగా ఒక ప్రైవేట్ క్లినిక్‌లో పోస్టింగ్. సార్ పొద్దున ఓపీ చూసి వెళ్లిపోతారు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నేనూ, ఇంకో అమ్మాయీ మాత్రమే ఉంటాం. ఐఎఫ్‌టీ (నొప్పికి పెట్టే కరెంట్ మెషీన్) పెట్టడం, ఎక్సర్‌సైజులు చేయించడం వరకు ఫర్వాలేదు. నిన్న ఒక ఆటో డ్రైవర్ అంకుల్ ఫోన్‌లో కైరోప్రాక్టర్ (మెడ, వెన్ను కీళ్లను చేత్తో టక్కుమని కదిపి వైద్యం చేసేవాళ్లు) వీడియో చూపించి, "మెడ పట్టేసింది బిడ్డా, గిట్ల టక్కుమనిపించు" అన్నారు. సార్‌కి ఫోన్ చేస్తే "మెల్లగా చేసెయ్, ఏం కాదు" అన్నారు. నేను చేయలేదు. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయారు. రాత్రంతా నిద్ర లేదు. పైగా మేం చూసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్‌లో సార్ సంతకాలన్నీ నెలాఖరున ఒకేసారి పెడతారట. నేను చేసింది తప్పా?

గోదావరిఖని_ఫిజియో:
తప్పు కాదు చెల్లె. చెయ్యి వెనక్కి తీసుకున్నావు చూడు, అదే సరైన పని.

నా ఇంటర్న్‌షిప్‌లో జరిగింది చెప్తా. జగిత్యాల వైపు నుంచి ఒక బీడీలు చుట్టే అమ్మ వచ్చింది. మెడనొప్పి, రెండు చేతులూ తిమ్మిరి. రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చునే పని కదా, కండరాలు పట్టేశాయని రాసేసుకున్నాను. మా మేడమ్ వచ్చి, నేను అడగని ప్రశ్న ఒకటి అడిగారు: "ఆకు కత్తిరిస్తుంటే కత్తెర జారుతోందా అమ్మా?" "అవునమ్మా, రెండు నెలల సంది జారుతోంది" అంది. తర్వాత గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించారు. సగం దూరంలోనే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. ఊడిన సంగతి ఆమెకు తెలియలేదు, అలాగే నడిచింది. మేడమ్ నా వైపు చూశారు. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతోంది. ఆ రోజే ఎమ్మారైకి, న్యూరోసర్జన్ దగ్గరికి పంపారు.

నేను ఆ మెడను తిప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. ఎలా తిప్పాలో నాకప్పటికే వచ్చు. ఎవరి మెడ తిప్పకూడదో తెలియదు. సూపర్‌వైజర్ పక్కన ఉండాలనే రూల్ అందుకే.

నిజామాబాద్_సెకండియర్:
అన్నా, మాటకు బాగానే ఉంది. కానీ కాదంటే కంప్లీషన్ సర్టిఫికెట్ ఆపేస్తే? మా సీనియర్లు అందరూ ఆ భయంతోనే నోరు మూసుకుంటున్నారు.

మెల్‌బోర్న్_మంచిర్యాల:
నేను ఇక్కడ కైరోప్రాక్టిక్ చదువుతున్నా కాబట్టి ఇక్కడి పద్ధతి చెప్తాను. స్టూడెంట్‌గా ఉన్నప్పుడే మా పేర్లు ఇక్కడి కైరోప్రాక్టిక్ బోర్డు రిజిస్టర్‌లో ఉంటాయి. ఏళ్ల తరబడి మాలో మేమే ఒకరి మీద ఒకరం ప్రాక్టీస్ చేశాకే క్లినిక్‌లోకి వదులుతారు. కొత్త పేషెంట్ వస్తే వివరాలన్నీ అడిగి, పరీక్ష చేసి, బయటికి వచ్చి సూపర్‌వైజర్‌కి కేసు చెప్పాలి. ఆమె వచ్చి స్వయంగా చూసి సరే అన్నాకే ట్రీట్‌మెంట్. నా కేసుల్లో చాలాసార్లు "ఈరోజు అడ్జస్ట్‌మెంట్ వద్దు" (అంటే ఆ టక్‌మనిపించడం వద్దు) అన్నారు. నోట్స్ మీద సంతకం ఆ రోజే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పూర్తి కైరోప్రాక్టిక్ కోర్సుకు కనీసం 4200 గంటలు అని ఉంది. అందులో 1000 గంటలు సూపర్‌విజన్‌లో చేసే క్లినికల్ శిక్షణే. ఆ అంకుల్ చూసిన వీడియోలో టక్‌మనేది అర సెకను. దాని వెనక ఇంత ఉందని ఆయనకు ఎవరు చెప్తారు? మన దగ్గర కైరోప్రాక్టిక్‌కి విడిగా కౌన్సిల్ కూడా లేదు. వీడియో చూసి నేర్చుకుని బోర్డు పెట్టుకున్నవాళ్లను మన ఊళ్లలో చూస్తుంటే నాకు కడుపు మండుతుంది.

ఎనుమాముల_అక్క:
నేను డాక్టర్‌ని కాదు, పేషెంట్ తరఫు మనిషిని. మా ఆయన మార్కెట్‌లో హమాలీ. నడుం పట్టేస్తే తీసుకెళ్లాం. ఒక పిల్లగాడు వచ్చి, "నేను స్టూడెంట్‌ని, మా సార్ ఇక్కడే ఉన్నారు, నేను చూడొచ్చా?" అని అడిగాడు. మావాడు వెంటనే సరే అన్నాడు. నెత్తి మీద బస్తాలు మోసే మనిషిని ఎవరూ పర్మిషన్ అడగరు. మీరందరూ అట్లనే అడగండి బిడ్డా.

గోదావరిఖని_ఫిజియో:
అక్క చెప్పింది అందరూ రాసి పెట్టుకోండి.

సెకండియర్ తమ్ముడూ, నీ భయం నిజమే. ఒక్కడివే వెళ్లి గొడవ పడకు. ఇద్దరు ముగ్గురు కలిసి కాలేజీలో ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టండి. తేదీ, టైమ్, సూపర్‌వైజర్ ఎన్ని గంటలు ఉన్నారు, అంతే రాయండి. ఎవరినీ తిట్టొద్దు. చేయని కేసు లాగ్‌బుక్‌లో ఎక్కించొద్దు. 2025లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ ఫిజియోథెరపీకి తెచ్చిన కొత్త సిలబస్‌లో ఇంటర్న్‌షిప్ ఆరు నెలల నుంచి ఏడాదికి పెరిగింది. చూసేవాళ్లు లేకపోతే ఏడాదైనా మెషీన్లు ఆన్ చేయడంతోనే గడిచిపోతుంది.

చెల్లె, ఇంకొకటి. మెడనొప్పి కొత్తగా, ఉన్నట్టుండి వచ్చి, దాంతోపాటు కళ్లు తిరగడం, వస్తువులు రెండుగా కనిపించడం, మాట తడబడటం ఉంటే మెడ రక్తనాళం చీలిందేమోనని అనుమానించాలి. అప్పుడు సార్ కోసం కూడా ఆగకు, నేరుగా ఎమర్జెన్సీకి పంపించు. నడుంనొప్పితో మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అంతే. రాత్రిపూట నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను టీబీని మర్చిపోవద్దు.

హన్మకొండ_ఇంటర్న్:
మీ అందరికీ ఎంతో థ్యాంక్స్. ఇద్దరం కలిసి మెయిల్ పెట్టాం. కోఆర్డినేటర్ మేడమ్ క్లినిక్‌కి ఫోన్ చేశారు. వచ్చే సోమవారం నుంచి సాయంత్రం ఒక సీనియర్ ఫిజియో ఉంటారట. సార్ నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు, ఈరోజు మాత్రం నా లాగ్‌బుక్ అడిగి తీసుకుని ఇవాళ్టి పేజీ మీద ఇవాళే సంతకం పెట్టారు.

ఆటో అంకుల్ మళ్లీ వచ్చారు. సార్ ఉన్న టైమ్‌కి రమ్మన్నాను. షర్ట్ గుండీలు పెట్టుకుంటుంటే వేళ్లు ఎలా కదులుతున్నాయో చూశాను, గది అంతా నడిపించాను. చెప్పు ఊడలేదు.