అప్‌డేట్: గైనకాలజిస్టు దగ్గరకి వెళ్లొచ్చాం, నేనూ అమ్మా

"ఏ ఇబ్బందీ లేకపోయినా ఏటా గైనకాలజిస్టుకి చూపించుకోవాలా?" అని పోయిన నెల అడిగింది నేనే. నాకు 34, ఇద్దరు పిల్లలు. చిన్నదాని కాన్పు తర్వాత, అంటే ఆరేళ్లుగా, ఆ గుమ్మం తొక్కలేదు.

మీరందరూ కసిరాక బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కి వెళ్లాను. తెలుగు డాక్టరమ్మ దొరకడం నా అదృష్టం, ఇలాంటివి చెప్పుకునేంత కన్నడ నాకింకా రాలేదు. ఏడాదికోసారి వచ్చి మాట్లాడి వెళ్తే మంచిదే కానీ పాప్ టెస్టు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పసిగట్టడానికి చేసేది) ఏటా అక్కర్లేదట. 21 నుంచి 29 ఏళ్ల వరకు మూడేళ్లకోసారి. 30 దాటాక హెచ్‌పీవీ టెస్టు (ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది) అయితే అయిదేళ్లకోసారి చాలు, 65 దాకా. రిజల్టు బాగుంటేనే ఈ లెక్క. ఆ వైరస్‌కి టీకా వేయించుకున్నవాళ్లూ టెస్టు మానకూడదట. నాది రెండు నిమిషాల్లో అయిపోయింది. నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ.

అసలు సంగతి అమ్మది. నాకు తోడుగా వచ్చి పక్కన కూర్చుంది. "ముట్లు ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే రావాలి" అని డాక్టరమ్మ అనేసరికి అమ్మ ముఖం మారిపోయింది. మూడు నెలలుగా కనబడుతోందట! "వేడి చేసిందేమో అనుకున్నానే" అంది. అప్పటికప్పుడు స్కాన్, తర్వాత బయాప్సీ, అంటే లోపల చిన్న ముక్క తీసి పరీక్షించడం. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పాలిప్ అట, అంటే లోపల పెరిగిన చిన్న కండ, క్యాన్సర్ కాదు. తీసేశారు.

నా హెచ్‌పీవీ నెగెటివ్. అత్తయ్యకి 61, ఇంతవరకు ఒక్కసారీ చేయించుకోలేదు. వచ్చే శనివారం ఆవిడ వంతు. ఇంకా ఒప్పుకోలేదనుకోండి.